న్యూజెర్సీలో జోనింగ్ బోర్డు నిర్ణయం మీద కోర్టుకి వెళ్ళాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎడిసన్‌లోనో, మన్రోలోనో, సౌత్ బ్రన్స్‌విక్‌లోనో ఇల్లు కొనుక్కున్న మనవాళ్ళలో చాలామందికి జోనింగ్ బోర్డు ఒకటుందని రెండే సందర్భాల్లో తెలుస్తుంది. ఒకటి, వేసుకోవాలనుకున్న గదికో డెక్‌కో పర్మిట్ రానప్పుడు. రెండోది, పక్క స్థలంలో ఏదో కట్టబోతున్నారని సర్టిఫైడ్ మెయిల్‌లో కవరు వచ్చినప్పుడు. అప్పటినుంచి వాట్సాప్ గ్రూపుల్లో అవే ప్రశ్నలు తిరుగుతుంటాయి, సగం తప్పు జవాబులతో.

నేను లాయర్ని కాను. ఒకసారి దరఖాస్తుదారుగా, తర్వాత అభ్యంతరం చెప్పే పొరుగువారి తరఫున, చాలా సాయంత్రాలు ఈ బోర్డుల ముందు కూర్చున్నాను. ఒక కేసు కోర్టుదాకా వెళ్ళడం దగ్గరుండి చూశాను. ఇక్కడున్నదంతా న్యూజెర్సీ చట్టం గురించే, పక్కనున్న న్యూయార్క్‌కో పెన్సిల్వేనియాకో వర్తించదు. మీ కేసుకి గడువు లెక్కపెట్టే ముందు ల్యాండ్ యూజ్ కేసులు చూసే లాయర్ని ఒక్కసారైనా కలవండి.

## మొదలు: బోర్డు, వేరియన్స్, నోటీసు

జోనింగ్ బోర్డు, ప్లానింగ్ బోర్డు, టౌన్ కౌన్సిల్ అన్నీ ఒకటేనా?

కాదు. కౌన్సిల్‌ని మనం ఓట్లేసి ఎన్నుకుంటాం. ఏ వీధిలో ఏం కట్టొచ్చో, ఎంత ఎత్తు కట్టొచ్చో చెప్పే ఆర్డినెన్స్ చేసేది వాళ్ళు. ప్లానింగ్ బోర్డు మాస్టర్ ప్లాన్, లేఅవుట్లు, ఆర్డినెన్స్ ఒప్పుకున్న కట్టడాల సైట్ ప్లాన్లు చూస్తుంది. ఆర్డినెన్స్ ఒప్పుకోనిదానికి మినహాయింపు కావాలంటే, ముఖ్యంగా స్థలం వాడకమే మార్చాలంటే, జోనింగ్ బోర్డు ముందుకి వెళ్ళాలి. ఆ మినహాయింపునే వేరియన్స్ అంటారు. ఇదంతా 1975లో వచ్చిన మునిసిపల్ ల్యాండ్ యూజ్ లా కింద నడుస్తుంది. బోర్డులో ఏడుగురు సభ్యులు, వాళ్ళు రాకపోతే కూర్చోవడానికి నలుగురిదాకా ఆల్టర్నేట్లు ఉంటారు. అందరూ మన ఊళ్ళోవాళ్ళే. చిన్న ఊళ్ళలో రెండు పనులూ ఒకే బోర్డు చూడొచ్చు.

నా స్థలంలో నేను కట్టుకుంటుంటే ఆపడానికి వీళ్ళెవరు?

ఈ వాదన అమెరికా సుప్రీంకోర్టు 1926లోనే విన్నది. ఒహాయోలోని యూక్లిడ్ అనే ఊరు తన భూమిని జోన్లుగా విడగొట్టిందని ఆంబ్లర్ రియాల్టీ అనే కంపెనీ కేసు వేసింది. ఊరికి ఆ అధికారం ఉందని కోర్టు తేల్చింది. కాబట్టి జోనింగ్ అనేదే చెల్లదని ఇప్పుడు వాదించి లాభం లేదు. మీ దరఖాస్తు విషయంలో బోర్డు చట్టప్రకారం నడిచిందా లేదా అన్నదే ప్రశ్న.

'సి' వేరియన్స్, 'డి' వేరియన్స్ అంటున్నారు. ఆ తేడా నాకెందుకు?

ఓట్ల లెక్క మారిపోతుంది కాబట్టి. కొలతల్లో తేడాలకి 'సి' కావాలి: సరిహద్దు నుంచి వదలాల్సిన దూరం, లాట్ కవరేజ్ (స్థలంలో ఎంత భాగం కట్టడాలతో నిండొచ్చన్న లెక్క), ఫెన్స్ ఎత్తు లాంటివి. హాజరైనవాళ్ళలో మెజారిటీ వస్తే చాలు. ఆ జోన్‌లో ఒప్పుకోని వాడకం, సాంద్రత పెంచడం, ఎత్తు అనుమతించినదాన్ని 10 అడుగులో 10 శాతమో మించడం లాంటివి 'డి'. దానికి ఐదు ఓట్లు అనుకూలంగా పడాల్సిందే. 4-3 తేడాతో మెజారిటీ వచ్చినా ఓడిపోయినట్టే.

అందుకే ఆ సాయంత్రం ఐదుగురే వస్తే, 'డి' అడుగుతున్న దరఖాస్తుదారు లాయరు లేచి వాయిదా అడుగుతారు. ఐదుగురిలో ఒక్కరు కాదన్నా దరఖాస్తు పోతుంది మరి.

అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చేస్తున్నారు, మెట్లెక్కలేరు, కింద గది కావాలి. ఇంతకంటే బలమైన కారణం ఉంటుందా?

మనసుకి ఇదే పెద్ద కారణం. చట్టానికి మాత్రం ఇది కారణమే కాదు, చాలామంది తెలుగు కుటుంబాలు దెబ్బతినేది ఇక్కడే. వేరియన్స్ మనిషికిచ్చేది కాదు, స్థలానికిచ్చేది. రేపు మీరు ఇల్లు అమ్మేసినా అది ఆ స్థలంతోనే ఉంటుంది. కాబట్టి బోర్డు చూసేది స్థలాన్నే. లాట్ మరీ ఇరుకుగానో, వంకరగానో, వాలుగానో ఉండి రూలు పాటించడం కష్టమవుతోందా? అది కాకపోతే, మీ ప్లాన్ వల్ల జోనింగ్ ఉద్దేశాలకి కలిగే మేలు నష్టాన్ని స్పష్టంగా మించుతోందా? ఇవన్నీ నెగ్గినా రెండో మెట్టుంది. చుట్టుపక్కలవాళ్ళకి పెద్ద నష్టం లేదని, ఊరి జోనింగ్ ప్లాన్‌కి గండి పడదని చూపాలి. వాడకం మార్చే 'డి' వేరియన్స్‌కైతే ఈ రుజువు ఇంకా గట్టిగా ఉండాలని 1987లో మెడిచీ కేసులో న్యూజెర్సీ సుప్రీంకోర్టు చెప్పింది.

అమ్మానాన్నల సంగతి చెప్పండి, తప్పులేదు. దానిమీదే ఆధారపడకండి.

సర్టిఫైడ్ మెయిల్‌లో నోటీసు వచ్చింది. సంతకం పెట్టి తీసుకుంటే ఒప్పుకున్నట్టా?

కానే కాదు. మీ ఇల్లు ఆ స్థలానికి 200 అడుగుల లోపు ఉందని అర్థం, అంతే. హియరింగ్‌కి కనీసం 10 రోజుల ముందు మీకు నోటీసు ఇవ్వాలి, బహిరంగ ప్రకటనా వెయ్యాలి. తేదీ, సమయం, చోటు, బ్లాక్, లాట్ నంబర్లు, ఏం కట్టబోతున్నారు, కాగితాలు ఎక్కడ చూడొచ్చు అన్నవి అందులో ఉండాలి.

చివరి వాక్యందాకా చదవండి. నోటీసు లోపభూయిష్టమైతే ఆ దరఖాస్తు వినే అధికారమే బోర్డుకి ఉండదు. లేసీ టౌన్‌షిప్‌లో కేమార్ట్‌తో కూడిన షాపింగ్ సెంటర్ రాబోతుంటే, నోటీసులో సబ్‌డివిజన్, కమర్షియల్ లాట్లు అంటూ రాసి ఊరుకున్నారు. అక్కడ ఏం రాబోతోందో మామూలు మనిషికి అర్థం కాని నోటీసు చెల్లదని 1996లో అప్పిలేట్ డివిజన్, అంటే రాష్ట్ర అప్పీళ్ళ కోర్టు, తీర్పిచ్చింది.

## హియరింగ్ జరుగుతున్నప్పుడు

బోర్డు ముందు మాట్లాడటం నాకు బెరుకు. ఎలాగూ కోర్టుకి వెళ్తాం కదా, అక్కడ జడ్జికి చెప్పుకోవచ్చా?

చెప్పుకోలేరు. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇది చదవండి. ఈ కేసుల్లో కోర్టు కొత్తగా సాక్షుల్ని పిలవదు, కొత్త ఫొటోలు చూడదు. బోర్డు ముందు ఎవరేం చెప్పారు, ఏ కాగితాలు దాఖలయ్యాయి అన్న రికార్డు ఒక్కటే జడ్జి బల్ల మీదికి వస్తుంది. అక్కడ మీరు నోరు విప్పకపోతే కోర్టులో మీ మాట ఉండదు.

మా వీధి పెద్దాయన ఒకరు, వెనక స్థలంలో కట్టబోయే భవనానికి అభ్యంతరం చెప్పడానికి వచ్చారు. వానొస్తే వాళ్ళ బేస్‌మెంట్ మునుగుతుంది. మైకు దగ్గరికెళ్ళి ఫోన్ తీసి, స్క్రీన్ బోర్డువైపు తిప్పి, "చూడండి సార్, నీళ్ళు ఇదిగో ఇక్కడిదాకా వచ్చాయి" అన్నారు. అందరూ చూశారు, ఒకరిద్దరు అయ్యో అన్నారు కూడా. కొన్ని నెలల తర్వాత ట్రాన్స్‌క్రిప్ట్, అంటే హియరింగ్‌లో అన్న మాటలన్నీ టైపు చేసిన కాగితం, చేతికొచ్చింది. అందులో ఉన్నది ఆ మాట ఒక్కటే: "ఇదిగో ఇక్కడిదాకా." ఎక్కడిదాకా? ఏ ఇల్లు? ఏ తేదీ? ఫోన్ ఆయన జేబులోనే ఉండిపోయింది.

అందుకని ఫొటోలు ప్రింటు తీయించండి. వెనకాల తేదీ, ఎక్కడ తీశారో రాయండి. బోర్డు సెక్రటరీకి ఇచ్చి, ఎగ్జిబిట్ నంబరు వెయ్యమని మైకులో అడగండి. అభ్యంతరదారుల ఎగ్జిబిట్లకి మామూలుగా ఓ-1, ఓ-2 అని వేస్తారు. "ఇక్కడ" అనకుండా "నేలనుంచి 14 అంగుళాల ఎత్తుకి" అనండి.

మైకు దగ్గరికి వెళ్ళగానే 'ఇప్పుడు ప్రశ్నలు మాత్రమే' అని ఛైర్మన్ ఆపేశారు. ఇది అన్యాయం కాదా?

పద్ధతే అది. ఒక్కో సాక్షి, అంటే ఇంజనీరు, ఆర్కిటెక్టు, ప్లానర్ (జోనింగ్ విషయాల నిపుణుడు), చెప్పడం అయ్యాక వాళ్ళని ప్రశ్నలు అడిగే వంతు వస్తుంది. ఆ సాక్షి చెప్పినదానిమీదే అడగాలి. మీ అభిప్రాయం, మీ అనుభవం చెప్పే వంతు అందరు సాక్షులూ అయిపోయాక, మీతో ప్రమాణం చేయించి మరీ వస్తుంది. సాక్షుల్ని అడ్డుప్రశ్నలు అడిగే హక్కు మీకు చట్టం ఇచ్చింది. చెప్పిందే మళ్ళీ చెబుతుంటే ఛైర్మన్ ఆపొచ్చు, అసలు అడగనివ్వకపోతే మాత్రం తప్పు. అప్పుడు గొడవపడకుండా, "నాకు ప్రశ్నించే అవకాశం ఇవ్వలేదని రికార్డులో నమోదు చెయ్యండి" అని మైకులో స్పష్టంగా చెప్పి కూర్చోండి. ఆ ఒక్క వాక్యం తర్వాత పనికొస్తుంది.

మాకూ ఒక ప్లానర్ని పెట్టుకోవాలా? చాలా అడుగుతున్నారు.

దరఖాస్తుదారు మీరై, అడిగేది 'డి' వేరియన్స్ అయితే ప్లానర్ లేకుండా వెళ్ళడం నా దృష్టిలో డబ్బు ఆదా చేసుకోవడం కాదు, దరఖాస్తు ఫీజు పారేసుకోవడం. అభ్యంతరం చెప్పేవాళ్ళయితే కేసునిబట్టి ఉంటుంది. ట్రాఫిక్ పెరుగుతుంది, ఇళ్ళ ధరలు పడిపోతాయి అనే భయాలు ఎంతమంది చెప్పినా, అవతల ఇంజనీరు లెక్కలతో చెప్పిన సాక్ష్యం ముందు నిలవవు. ఆ భయాలమీదే బోర్డు కాదంటే, ఆ నిర్ణయం కోర్టులో కొట్టుకుపోయే ప్రమాదముంది. మీరు కళ్ళారా చూసింది వేరు. మలుపులో వచ్చే కారు కనపడదనో, ఫలానా నెలలో రోడ్డుమీద నీళ్ళు నిలిచాయనో చెప్పడానికి ఏ డిగ్రీ అక్కర్లేదు. నిపుణులిద్దరూ రెండు రకాలుగా చెబితే ఎవర్ని నమ్మాలో బోర్డు ఇష్టం. ఎందుకు నమ్మారో మాత్రం చెప్పాలి.

150 మంది సంతకాలతో పిటిషన్ ఇస్తే బలం కాదా?

చాలా తక్కువ బలం. సంతకం పెట్టినవాళ్ళని అడ్డుప్రశ్నలు అడగలేరు కాబట్టి దాన్ని సాక్ష్యంగా లెక్కపెట్టరు. ఇది జనాభిప్రాయ సేకరణ కూడా కాదు. ఆ 150 మంది బదులు ముగ్గురు వచ్చి, ప్రమాణం చేసి, తాము చూసింది ఐదేసి నిమిషాలు చెబితే వెయ్యి రెట్లు నయం.

బోర్డు సభ్యుడొకాయన, దరఖాస్తు పెట్టిన గుడి కమిటీలో ఉన్నారు. ఎప్పుడు చెప్పాలి?

తెలిసిన వెంటనే, అందరి ముందు, మైకులో. ప్రత్యక్షంగా గానీ పరోక్షంగా గానీ సొంత ప్రయోజనమో, డబ్బు ప్రయోజనమో ఉన్న సభ్యుడు ఆ విషయంలో పాల్గొనకూడదని చట్టం. పాల్గొంటే మిగతావాళ్ళంతా సవ్యంగా ఓటేసినా మొత్తం నిర్ణయం రద్దు కావచ్చు.

మన సంఘాల్లో అందరం అందరికీ తెలిసినవాళ్ళమే కాబట్టి ఇది తరచుగా వస్తుంది. 2015లో మాంట్‌క్లేర్ ఊరి కేసులో, ఒక చర్చితో సంబంధమున్న ప్రజాప్రతినిధుల గురించి రాష్ట్ర సుప్రీంకోర్టు ఒక గీత గీసింది. ఫలితంలో ఆసక్తి ఉన్న సంస్థలో ముఖ్యమైన నాయకత్వ పదవిలో ఉంటే తప్పుకోవాలి. ఆదివారం గుడికి వచ్చి ప్రసాదం తీసుకెళ్ళేవారు ఒకటి, ట్రస్టీ ఇంకొకటి. ట్రస్టీ అయితే బోర్డులో ఆ రోజు కుర్చీ ఖాళీ చేసి వెళ్ళడమే గుడికీ మంచిది.

ముందు రెండు మీటింగులకి రాని సభ్యుడు మూడోదానికొచ్చి ఓటేశాడు. చెల్లుతుందా?

రాని రోజుల ట్రాన్స్‌క్రిప్ట్ చదివానని, లేదా రికార్డింగ్ విన్నానని రాతపూర్వకంగా ధ్రువీకరిస్తే చెల్లుతుంది. ఆ కాగితం ఫైల్‌లో ఉందో లేదో చూడండి.

బోర్డు నెలల తరబడి వాయిదాలు వేస్తూ పోతే?

వేరియన్స్ దరఖాస్తు సంపూర్ణంగా ఉందని తేలాక 120 రోజుల్లో బోర్డు నిర్ణయం చెప్పాలి. దరఖాస్తుదారు ఒప్పుకుంటే పొడిగించవచ్చు, మామూలుగా ఒప్పుకుంటారు కూడా. ఒప్పుకోకుండా గడువు దాటిపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క.

## ఓటు పడ్డాక, కోర్టుకి వెళ్ళే ముందు

45 రోజుల గడువు అంటున్నారు. ఓటు వేసిన రోజునుంచా?

కాదు. రెండు 45లు ఉండటంవల్లే అందరూ తికమకపడతారు. ఓటు పడ్డాక బోర్డు తన నిర్ణయాన్ని రిజల్యూషన్‌గా రాసి ఆమోదించడానికి 45 రోజులుంటాయి. అది మొదటి 45. ఆ తర్వాత నిర్ణయం గురించిన నోటీసు ప్రచురిస్తారు. ప్రచురణ తేదీనుంచి మీరు కోర్టులో కేసు వెయ్యడానికి ఉన్నది రెండో 45. కోర్టు రూల్ 4:69-6 ఇదే చెబుతుంది. దరఖాస్తు తిరస్కరించినా, షరతులతో మార్చినా, దరఖాస్తుదారుకి ప్రచురణ తేదీ, తనకి పోస్టు చేసిన తేదీ రెండింట్లో ఏది తర్వాతిదైతే అక్కడినుంచి లెక్క.

శని, ఆదివారాలు కూడా లెక్కలోకి వస్తాయి. న్యాయం కోసం అవసరమైతే గడువు పొడిగించే అధికారం కోర్టుకుంది. ఇండియా వెళ్ళామనో, లాయరు దొరకలేదనో అడిగితే పొడిగిస్తారని ఆశపెట్టుకోకండి.

ప్రచురించారని నాకెవరు చెబుతారు?

ఎవరూ చెప్పరు. అభ్యంతరం చెప్పినంత మాత్రాన మీ ఇంటికి ఉత్తరం రాదు. ఓటు పడిన మర్నాడే బోర్డు సెక్రటరీకి ఈమెయిల్ పెట్టండి: రిజల్యూషన్ ఏ మీటింగులో ఆమోదిస్తారు, ప్రకటన ఎక్కడ వేస్తారు, ఏ రోజు వేశారు, కాపీ కావాలి. ప్రతి వారం గుర్తుచెయ్యండి. సెక్రటరీలు సాధారణంగా సాయపడే మనుషులే. జవాబు మాత్రం రాతలో తీసుకోండి.

రిజల్యూషన్ పన్నెండు పేజీలుంది. అందులో ఏం వెతకాలి?

కారణాలు. ఫలానా ఇంజనీరు ఇలా చెప్పారు, ఫలానా పొరుగాయన అలా చెప్పారు అంటూ పదకొండు పేజీలు రాసి, చివర్న "ప్రజలకి పెద్ద నష్టం లేదు" అని చట్టంలోని మాటల్ని తిరగరాస్తే అది సరిపోదు. 2004లో వీహాకెన్ బోర్డు కేసులో అప్పిలేట్ డివిజన్ ఈ మాట గట్టిగా చెప్పింది. సాక్ష్యాల్లో బోర్డు దేన్ని నమ్మింది, ఎందుకు నమ్మింది, దానినుంచి చట్టం అడిగిన ప్రతి ప్రశ్నకీ ఏ జవాబుకొచ్చింది అన్నది కనపడాలి. పసుపు మార్కరు తీసుకుని బోర్డు సొంతంగా తేల్చిన వాక్యాలకి మాత్రమే రంగు వెయ్యండి. పన్నెండు పేజీల్లో నాలుగు వాక్యాలే పసుపుపచ్చగా కనిపిస్తే లాయరుతో మాట్లాడేందుకు అదే మొదటి అంశం.

జోనింగ్ ఆఫీసరే కుదరదన్నాడు. నేరుగా కోర్టుకి వెళ్ళొచ్చా?

ముందు బోర్డుకి వెళ్ళాలి. ఆఫీసరు నిర్ణయం మీద 20 రోజుల్లో జోనింగ్ బోర్డుకి అప్పీలు చేసుకోవాలి. కింద ఉన్న దారులన్నీ అయ్యాకే కోర్టు వింటుంది.

కోర్టుకంటే ముందు టౌన్ కౌన్సిల్‌కి అప్పీల్ చెయ్యొచ్చా?

ఊరి ఆర్డినెన్స్‌లో ఆ వీలు రాసి ఉంటేనే, అదీ 'డి' వేరియన్స్ మంజూరైనప్పుడే. గడువు ప్రచురణనుంచి 10 రోజులు మాత్రమే. మీ ఊళ్ళో ఉందో లేదో ఓటు పడిన వారమే టౌన్ క్లర్కుని అడగండి.

లాయరు లేకుండా నేనే వెయ్యొచ్చా? ఎంతవుతుంది?

మీ సొంత పేరున ఇల్లుంటే మీరే వెయ్యొచ్చు. ఎల్‌ఎల్‌సీ పేరునో, గుడి లాంటి కార్పొరేషన్ పేరునో అయితే లాయరు తప్పనిసరి. సుపీరియర్ కోర్టు లా డివిజన్‌లో కంప్లయింట్ ఫీజు 250 డాలర్లు. అసలు ఖర్చు అక్కడ లేదు. ప్రతి హియరింగ్‌కీ ట్రాన్స్‌క్రిప్ట్ తయారు చేయించాలి, లాయరు వాటిని అక్షరం అక్షరం చదివి బ్రీఫ్ (రాతలో వాదన) రాయాలి. హియరింగులు ఎన్ని ఎక్కువైతే ఖర్చు అంత పెరుగుతుంది. గెలిచినా మీ లాయరు ఫీజు అవతలివాళ్ళు కట్టరు, సాధారణంగా ఎవరిది వాళ్ళే భరించాలి. డెక్ రెండడుగుల కోసమైతే ఇంట్లో కూర్చుని నిజాయితీగా లెక్క వేసుకోండి.

## కోర్టులో

'ప్రిరాగేటివ్ రిట్' అని రాశారు కాగితాల మీద. ఇది మన రిట్ పిటిషన్ లాంటిదేనా?

ఒకే తల్లి పిల్లలు. ఇంగ్లండు రాజుగారి కోర్టు అధికారుల్ని అదుపులో పెట్టడానికి ఇచ్చిన మాండమస్, సెర్షియోరరీ లాంటి రిట్లే ఇండియాలో 226వ అధికరణం కింద హైకోర్టులకి వచ్చాయి. న్యూజెర్సీకీ అవే వచ్చాయి. 1947 రాజ్యాంగంతో ఇక్కడ ఆ పాత రిట్ల పేర్లు పక్కనపెట్టి, వాటికి బదులుగా సుపీరియర్ కోర్టులో కేసు వేసే హక్కు ఇచ్చారు. అందుకే దీని పూర్తి పేరు 'ప్రిరాగేటివ్ రిట్లకు బదులుగా వేసే కేసు'. హైదరాబాద్‌లోనో అమరావతిలోనో మునిసిపాలిటీ మీద రిట్ వేసిన అనుభవం ఉంటే ఒక తేడా గమనించండి: ఇక్కడ మొదట వినేది రాష్ట్రమంతటికీ ఒకటే అయిన పెద్ద కోర్టు కాదు, మీ కౌంటీ కోర్టుహౌస్‌లో కూర్చునే ట్రయల్ జడ్జి. మిడిల్‌సెక్స్ కౌంటీవాళ్ళకి న్యూ బ్రన్స్‌విక్, సోమర్‌సెట్ కౌంటీవాళ్ళకి సోమర్‌విల్.

ఎవరి మీద వెయ్యాలి?

బోర్డు మీద. పొరుగువాళ్ళకి వచ్చిన అనుమతిని మీరు ప్రశ్నిస్తుంటే, వాళ్ళనీ ప్రతివాదులుగా చేర్చాలి, వాళ్ళ హక్కు పోయే విషయం కాబట్టి. జ్యూరీ ఉండదు.

బోర్డు చేసింది తప్పని జడ్జికి అనిపిస్తే చాలా?

చాలదు. ఈ ఒక్క అపోహే ఎంతోమంది చేత అనవసరంగా కేసులు వేయించింది. బోర్డు నిర్ణయం సరైనదే అన్న ఊహతో కోర్టు మొదలుపెడుతుంది. అది ఏకపక్షంగా, నిరాధారంగా, అహేతుకంగా ఉందని నిరూపించే భారం మీది. 1965లో సీ గర్ట్ ఊరి బోర్డు మీద వచ్చిన క్రేమర్ కేసునుంచి ఇదే కొలమానం. ఆ కుర్చీలో తానుంటే ఇంకోలా ఓటేసేవాడినని జడ్జి అనుకున్నా, రికార్డులో బోర్డు నిర్ణయానికి తగిన ఆధారం ఉంటే దాన్ని కదిలించరు. ఊరి సంగతి ఊళ్ళోవాళ్ళకి బాగా తెలుసన్నది దీని వెనక ఉన్న నమ్మకం.

వేరియన్స్ ఇచ్చిన నిర్ణయం కంటే ఇవ్వనన్న నిర్ణయాన్ని కోర్టులు ఎక్కువ గౌరవిస్తాయి, ఎందుకంటే మినహాయింపులు జోనింగ్‌ని బలహీనపరుస్తాయి. కాబట్టి తిరస్కరణ మీద వెళ్ళే దరఖాస్తుదారుకి దారి మరింత ఇరుకు.

చట్టం అర్థం చేసుకోవడంలో బోర్డు పొరబడితే మాత్రం ఆ గౌరవం ఉండదు, జడ్జి తానే కొత్తగా చూస్తారు. నోటీసు లోపం, సభ్యుడి స్వప్రయోజనం, ఓట్ల లెక్క, తప్పు కొలమానం వాడటం: గెలిచే కేసుల్లో ఎక్కువ భాగం ఇలాంటి అంశాలమీదే గెలవడం నేను గమనించాను.

ట్రాన్స్‌క్రిప్ట్ ఎవరు తెప్పించాలి?

కేసు వేసినవాళ్ళే, సొంత ఖర్చుతో. అవసరమైనవన్నీ ఆర్డరు చేశామని కంప్లయింట్‌తోపాటే ధ్రువీకరించాలి. హియరింగ్ మాటలన్నీ రికార్డు చెయ్యడం బోర్డు బాధ్యత, అడిగితే కాపీ ఇవ్వాలి. రికార్డింగ్ వెంటనే తీసుకుని వినండి. మైకుకి దూరంగా మాట్లాడినవాళ్ళ మాటలు 'వినపడలేదు' అని తేలిపోతాయి, మీ ముఖ్యమైన వాక్యం అందులోనే ఉండొచ్చు.

కేసు వేస్తే పక్క స్థలంలో పని ఆగిపోతుందా?

దానంతటది ఆగదు. స్టే అడగాలి. దానికి తర్వాత పూడ్చలేని నష్టం జరుగుతుందని, చట్టం మీ పక్షాన ఉందని, ఆపకపోతే మీకయ్యే నష్టం ఆపితే వాళ్ళకయ్యేదానికంటే ఎక్కువని చూపాలి. సులభం కాదు. అవతలివాళ్ళు కేసు నడుస్తుండగా కడితే ఆ ముప్పు వాళ్ళది, ఓడిపోతే కట్టింది తియ్యాల్సి రావచ్చు. అందుకే చాలామంది తమంతట తామే ఆగుతారు, అప్పిచ్చే బ్యాంకు ఆపుతుంది.

మేం దరఖాస్తు పెట్టాక టౌన్ ఆర్డినెన్సే మార్చేసింది. ఏది వర్తిస్తుంది?

దరఖాస్తు పెట్టిన రోజున ఉన్నదే. 2011 మే నుంచి ఈ రూలు ఉంది. అంతకుముందు నిర్ణయం నాటికి ఉన్న ఆర్డినెన్స్ వర్తించేది, అభ్యంతరాలు రాగానే ఊళ్ళు రూలు మార్చేసేవి.

మా గుడికి అనుమతి ఇవ్వలేదు. వేరే దారి ఏమైనా ఉందా?

రెండున్నాయి. రాష్ట్ర చట్టంలో ప్రార్థనా స్థలాల్ని, ఆసుపత్రులు, బడుల్లాగే, స్వతహాగా సమాజానికి మేలు చేసే వాడకంగా కోర్టులు గుర్తించాయి. అప్పుడు రుజువు తేలికవుతుంది. మేలు ఎంత, నష్టం ఎంత, షరతులతో నష్టాన్ని తగ్గించగలమా అని తూచాలని 1992లో సీకా కేసు చెప్పింది. బోర్డు ఆ తూకమే వెయ్యకపోతే అది చట్టపరమైన తప్పు.

రెండోది ఫెడరల్ కోర్టు. మత సంస్థల భూ వినియోగాన్ని కాపాడే చట్టం 2000లో వచ్చింది. బర్నార్డ్స్ టౌన్‌షిప్‌లో ఒక మసీదు దరఖాస్తు ప్లానింగ్ బోర్డు ముందు 39 హియరింగులు నడిచి 2015 డిసెంబర్‌లో తిరస్కరణకి గురైంది. చర్చిలకి ఒక పార్కింగ్ లెక్క, మసీదుకి ఇంకో లెక్క వేశారు. ఫెడరల్ జడ్జి 2016 చివరి రోజున దాన్ని తప్పుబట్టారు. మరుసటి ఏడాది టౌన్‌షిప్ 32.5 లక్షల డాలర్లు చెల్లించి రాజీపడింది. గుడి కమిటీలవాళ్ళు ఆ కేసు పార్కింగ్ లెక్కలతో సహా చదవాలని నా కోరిక. వివక్ష నిరూపించడానికి ఆధారం ఒకరి మనసులో ఏముందన్నది కాదు, కాగితం మీద వేసిన అంకెలు.

## తీర్పు తర్వాత

గెలిస్తే మర్నాడే పర్మిట్ వస్తుందా?

ఎప్పుడూ కాదు. జడ్జి బోర్డు నిర్ణయాన్ని నిలబెట్టొచ్చు, కొట్టేయొచ్చు, లేదా రిమాండ్ చెయ్యొచ్చు. రిమాండ్ అంటే మళ్ళీ అదే బోర్డు ముందుకి, కారణాలు సరిగ్గా రాయమనో, వదిలేసిన అంశం వినమనో. నోటీసు లోపంమీద మీరు గెలిస్తే అవతలివాళ్ళు సరైన నోటీసిచ్చి మళ్ళీ మొదలుపెట్టొచ్చు. కేసు వెయ్యకముందే లాయర్ని అడగండి: "గెలిస్తే సరిగ్గా నా చేతికి ఏమొస్తుంది?"

ఓడిపోతే పైకోర్టు?

తుది తీర్పునుంచి 45 రోజుల్లో అప్పిలేట్ డివిజన్‌కి అప్పీలు హక్కుగా ఉంది. వాళ్ళూ అదే రికార్డుని అదే కొలమానంతో చూస్తారు. ఆపైన రాష్ట్ర సుప్రీంకోర్టు, అది సాధారణంగా తాను వినదలుచుకున్న కేసుల్నే తీసుకుంటుంది.

కోర్టు వద్దనుకుంటే, ప్లాన్ మార్చి మళ్ళీ బోర్డుకి వెళ్ళొచ్చా?

వెళ్ళొచ్చు. అదే ప్లాన్ మళ్ళీ పెడితే ఒకసారి తేల్చేశామని బోర్డు తోసిపుచ్చుతుంది. చెప్పుకోదగ్గ తేడా ఉంటే వినాల్సిందే.

మా వెనక గది మొదట 16 అడుగుల లోతుతో అడిగాం, సెట్‌బ్యాక్‌లోకి, అంటే సరిహద్దు నుంచి వదలాల్సిన జాగాలోకి, పోతోందని కాదన్నారు. కేసు వేద్దామని నేను పట్టుబట్టాను. లాయరు గారు రిజల్యూషన్ రెండుసార్లు చదివి, కాదన్న కారణాలు గట్టిగా రాశారని, గెలవడం కష్టమని చెప్పారు. ఆరు నెలల తర్వాత 11 అడుగులకి తగ్గించి, వాన నీళ్ళు ఇంకడానికి డ్రై వెల్ గీయించి మళ్ళీ పెట్టాం. మొదటిసారి అభ్యంతరం చెప్పిన పక్కింటావిడకి ఆ డ్రాయింగ్ ముందే తీసుకెళ్ళి వంటగది బల్లమీద పరిచి చూపించాను. కిటికీ ఎటు పెడుతున్నామని ఒక్కటే అడిగారు. దాన్ని అటువైపు గోడకి మార్పించాం. హియరింగ్ రోజు ఆవిడ వచ్చి, ప్రమాణం చేసి, తనకి ఇబ్బంది లేదని చెప్పారు. ఏడు ఓట్లూ పడ్డాయి.